ప్రార్థన అంశం

ఎవరూ చెప్పకుండా, ఎవరి మెప్పు కోసమూ కాకుండా ఆనందకుమార్ తన జీవితంలో చేసిన పని ఏదైనా ఉంటే అది ఒక్కటే: ఆదివారం తెల్లారి ఆరాధన అయ్యాక మేనకోడలు కేథరిన్ స్కూటీ వెనక కూర్చుని తెన్నేటి పార్కు కింద రాళ్ళ దగ్గరికి వెళ్ళడం. మిగతావన్నీ ఎవరో ఒకరు చేయమన్నవే. సైకాలజీ చదవమన్నది హాస్టల్ వార్డెన్. డిగ్రీ కాలేజీలో ఉద్యోగం చూపించింది ఆ వార్డెన్ స్నేహితుడు. పెళ్ళి మాత్రం ఎవరెంత చెప్పినా చేసుకోలేదు. అయితే అది చేసిన పని కాదు, చేయకుండా ఉండిపోయిన పని.

సముద్రం వెనక్కి తీసిన వేళ ఆ రాళ్ళ మధ్య గుంటల్లో నీళ్ళు నిలిచిపోతాయి. నిలబడి చూస్తే ఉట్టి ఉప్పునీళ్ళు. నీడ కదలకుండా కూర్చుని చూస్తే మాత్రం ఒక్కో గుంటా ఒక్కో పేట. ఇంకొకరి గుల్లలో కాపురం పెట్టిన పీతలు, పువ్వులా విచ్చుకుని వేలు తగలగానే ముడుచుకుపోయే జీవాలు, రాతి రంగులో కలిసిపోయి కళ్ళు మాత్రం తిప్పే చేపపిల్లలు. కేథరిన్‌కి వీటి పిచ్చి ఇంటర్ చదివే రోజుల్లో పట్టుకుంది. ఎవరో కుర్రకారు ఆదివారాల్లో జనాన్ని వెంటేసుకుని ఆ రాళ్ళు చూపిస్తుంటే వాళ్ళతో తిరిగి నేర్చుకుంది. తల్లి, అంటే ఆనందకుమార్ తోడబుట్టిన రోజలిన్, కరోనా రెండోసారి వచ్చినప్పుడు ఆసుపత్రిలో నర్సుగా డ్యూటీ చేస్తూ చేస్తూ పోయింది. ఆ తర్వాత ఇంట్లో కూర్చోలేక ఒక ఆదివారం ఆమె అటు బయల్దేరుతుంటే మామయ్య పిలవకుండానే బండెక్కాడు.

"బూట్లు ఇప్పు మామయ్యా. వాటితో తొక్కితే ఏటైనా మిగుల్తాదా?"

"కాళ్ళు కోసుకుపోతాయే."

"పోనీ. నువ్వు వాటింటికి వచ్చావు. అవి నీ ఇంటికి రాలేదు."

ఒకసారి ఆనందకుమార్ ఒక బల్లపరుపు రాయి ఎత్తి చూశాడు. కింద సన్నటి చేతులున్న నక్షత్రంలాంటిదేదో జరజరా పాకి పక్క సందులోకి దూరింది. అతను ముచ్చటపడి, ఆ రాయి అలాగే వదిలేసి ఇంకో రాయి మీదికి వంగాడు. కేథరిన్ వెనకే వచ్చి దాన్ని జాగ్రత్తగా బోర్లించింది.

"ఎత్తింది ఎత్తినట్టు వదిలేత్తే ఎలాగ? సీకట్లో బతికేవి అవి. ఎండ తగిలితే సచ్చిపోతాయి."

ఆనందకుమార్‌కి ఆ మాట ఎంత నచ్చిందంటే మర్నాడు క్లాసులో మనసుకి అన్వయించి పావుగంట చెప్పాడు. మనుషుల లోపలి సంగతులు తెరవడం తెలిస్తే చాలదు, తెరిచినదాన్ని కప్పడం కూడా తెలియాలి అన్నాడు. చెబుతుంటే అతని గొంతు అతనికే బాగుందనిపించింది. చివరి బెంచీలోంచి ఒక కుర్రాడు లేచి, "సార్, ఇది ఎన్ని మార్కులకొత్తాది?" అని అడిగాడు. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. కనపడిన ప్రతిదాన్నీ పాఠంగా మార్చి ఇంకొకరికి చెప్పేస్తే తను నేర్చుకున్నట్టేననే భ్రమ ఉపాధ్యాయుల్లో చాలామందికి ఉంటుంది. అతనికి కొంచెం ఎక్కువగా ఉండేది.

ఈస్టర్ పోయిన తర్వాత ఒక ఆదివారం కేథరిన్ రాళ్ళ మీద అటూ ఇటూ తిరగలేదు. గుంటలో పాదాలు పెట్టి కూర్చుంది.

"మామయ్యా, నాను కాలేజీకెళ్ళట్లేదు."

ఆమె నర్సింగ్ రెండో సంవత్సరం. అమ్మ చదువే కూతురూ చదవాలని తండ్రి యోహాన్ పట్టుబట్టి చేర్పించాడు. పట్టుబట్టాడనడం కూడా సరికాదు. రోజలిన్ తెల్ల యూనిఫాం ఇస్త్రీ చేయించి బీరువాలో హేంగరుకి తగిలించి ఉంచాడు, అంతే. దాన్ని చూసి ఆ పిల్ల మరో మాట అనలేకపోయింది.

"వార్డులో ఒకావిడకి ఆక్సిజన్ మాస్కు పెట్టమన్నారు. సేతిలోకి తీసుకున్నాను. సేతులు కదల్లేదు మామయ్యా. ఆవిడ నా మొకంలోకే సూత్తంది. సిస్టర్ గారొచ్చి నా సేతిలోంచి లాక్కుని పెట్టీసారు. నాను బైటకొచ్చీసాను. మళ్ళీ ఎళ్ళలేదు."

"మరి రోజూ టిఫిన్ బాక్సు పట్టుకుని ఎక్కడికెళ్తున్నావు?"

"ఇక్కడికే. ఎండెక్కితే లైబ్రరీకి. అన్నం మాత్రం తినేత్తాను. ఇంటికెళ్ళాక బాక్సు కడిగేది నాన్నే కదా, మిగిలితే అడుగుతాడు."

ఆనందకుమార్ చదివిన పుస్తకాలన్నిటిలోంచి ఏవేవో మాటలు నోటిదాకా వచ్చాయి. ఆ రోజు ఎందుకో వాటిని లోపలే ఉంచుకున్నాడు. తర్వాత చాలాసార్లు ఆలోచిస్తే, ఆ పిల్లకి తను చేసిన మేలు ఏదైనా ఉంటే అది ఆ కాసేపు నోరు మూసుకోవడమేనని అతనికి అనిపించింది.

"నాన్నకి నానే సెప్తాను. అమ్మ జ్ఞాపకార్థ కూడిక అయిపోనీ. ప్రతీ ఏడూ కూడికలో నాన్న అమ్మ యూనిఫాం సంగతి సెప్పుకుంటాడు కదా. ఈ ఏడు కూడా సెప్పుకోనీ. మర్నాడు పొద్దున్న టీ పెట్టిచ్చి సెప్తాను. ఎలా సెప్పాలా అని రోజూ ఇక్కడ కూర్చుని అదే అనుకుంటన్నాను. మొదటి ముక్క దొరికింది. రెండోది దొరకాలి."

"నేను ఎవరికీ అనను. మాటిస్తున్నాను."

"మాటలేటీ వద్దు మామయ్యా. ఊరికే ఉండు, సాలు."

ఆ వారమంతా ఆనందకుమార్ ఊరికే ఉన్నాడు. ఉండడం మాత్రం ఊరికే కాలేదు. పొద్దున్నే లేచి పోర్టు నుంచి ఎగిరొచ్చి కిటికీ మీద పేరుకున్న బొగ్గుమసి తుడుస్తూ కేథరిన్ సంగతే ఆలోచించేవాడు. తను ఒక్కడే ఉండే ఆ రెండు గదుల వాటాలో కొత్తగా ఎవరో అద్దెకి దిగినట్టు ఉండేది. ఆ పిల్ల తండ్రికి చెప్పలేదు, మేనత్తకి చెప్పలేదు, స్నేహితురాళ్ళకి చెప్పలేదు. తనకి చెప్పింది. ఇది తలుచుకున్నప్పుడల్లా ఒక వెచ్చదనం. దాన్ని అతను జాలి అనుకున్నాడు. మనసు గురించి అన్నేళ్ళు పాఠాలు చెప్పినవాడు తన మనసులో ఉన్నదానికి తప్పు పేరు పెట్టాడు.

కూడిక దగ్గర పడ్డాక యోహాన్ ఫోన్ చేశాడు. అతను పోర్టులో క్రేన్ ఆపరేటరు. ఫోన్‌లో కూడా యంత్రం హోరు మధ్య మాట్లాడుతున్నట్టే అరుస్తాడు.

"బావా! కుర్చీలు సెప్పీసాను. బిర్యానీ మన వన్ టౌన్ మస్తాన్‌కే ఇచ్చాను. నువ్వు ముందే వచ్చీ. అవునుగానీ, పిల్ల ఈ మద్దెన మాటాడ్డం తగ్గించీసింది. నీకేటైనా సెప్పిందేటి? మీరిద్దరూ ఒకటే జట్టు కదా!"

"ఏం లేదు బావా. చదువు ఒత్తిడి."

"అంతేనంటావా?"

"అంతే."

ఫోన్ పెట్టేశాక అబద్ధం ఆడినందుకు బాధ కలగాలి. కలిగింది కూడా. కానీ దానికన్నా ముందు, ఒకటే జట్టు అన్న మాట దగ్గర అతను కాసేపు హాయిగా ఆగిపోయాడు.

యోహాన్ ఇల్లు వన్ టౌన్‌లో పోర్టు గోడకి దగ్గర, ఆటో ఒకటి వస్తే రెండోది వెనక్కి పోవలసిన సందులో ఉంటుంది. కూడిక రోజు సాయంత్రం మేడ మీద షామియానా కింద కుర్చీలు వేశారు. రోజలిన్ ఫోటో బల్ల మీద పెట్టి పక్కన తెల్లపూలు ఉంచారు. పాట అయింది, వాక్యం అయింది. తర్వాత యోహాన్ లేచాడు. క్రేన్ మీద అంత ఎత్తున ధైర్యంగా కూర్చునే మనిషి, నలుగురిలో మాట్లాడాలంటే ముందు కుర్చీ పట్టుకుని నిలబడతాడు.

"నాకేటీ మాటలు రావండి. నా బార్య బట్ట బీరువాలో ఉండిపోయింది. ఆ బట్ట మా పాప ఏసుకుని డ్యూటీకెళ్ళే రోజు దేవుడు నాకు సూపించాలి. అంతేనండి." కళ్ళు తుడుచుకుని కూర్చున్నాడు.

కేథరిన్ ముందు వరసలో తల వంచుకుని ఉంది. చున్నీ అంచు వేలికి చుడుతోంది, విప్పుతోంది. ఆనందకుమార్ దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

తర్వాత ప్రార్థన అంశాలు. ఎవరి అవసరం వాళ్ళు చెబితే పాస్టరు గారు అన్నీ కలిపి ప్రార్థిస్తారు. ఈ అంశాలకి ఒక పద్ధతి ఉంది. మోకాళ్ళ నొప్పులైతే మోకాళ్ళ నొప్పులనే చెబుతారు. అల్లుడు తాగి వస్తున్నాడంటే అల్లుడి ఆరోగ్యం అంటారు. పిల్ల ఎవరితోనో వెళ్ళిపోయేలా ఉందంటే పిల్ల భవిష్యత్తు అంటారు. విన్నవాళ్ళకి అర్థమవుతుంది, ఎవరూ గుచ్చి అడగరు. అడ్డం పెట్టి చెప్పుకోవడమే అక్కడి మర్యాద.

వరసగా చెబుతూ వస్తున్నారు. యోహాన్ అక్క దేవకుమారి కంటి ఆపరేషన్ గురించి చెప్పింది. పాస్టరు గారు ఇటు తిరిగారు.

"లెక్చరర్ గారు ఏ ఏడూ ఏమీ చెప్పరు. మనసు శాస్త్రం చదివినవారు. మీరైనా ఈ కుటుంబం కోసం ఒక అంశం చెప్పండి సార్."

అందరూ చూశారు. ఆనందకుమార్ లేచాడు. లేచేదాకా ఏం చెప్పాలో అతను అనుకోలేదు. కుటుంబ క్షేమం అని కూర్చుంటే సరిపోయేది. కానీ ఎదురుగా అన్ని ముఖాలు, మాట కోసం ఎదురుచూస్తూ. క్లాసులో ఈ మధ్య అలా ఎవరూ చూడడం లేదు. ఆ పిల్ల వేలికి చుట్టుకుంటున్న చున్నీ కనిపించింది. ఇంత బరువు ఒక్కతే ఎందుకు మోయాలి, నలుగురూ పంచుకుంటే తేలికవుతుంది కదా అనిపించింది. ఆ నలుగురిలో ఈ బరువు సంగతి తెలిసినవాడు తనొక్కడే.

"మన కేథరిన్ కోసం ప్రార్థన చేయండి," అన్నాడు. "తను కొన్ని వారాలుగా కాలేజీకి వెళ్ళలేకపోతోంది. వార్డులో అడుగు పెట్టలేకపోతోంది. తల్లి పోయిన దుఃఖం లోపల అలాగే ఉండిపోయింది. ఇందులో తన తప్పేమీ లేదు. మనందరం అర్థం చేసుకుని అండగా నిలబడాలి."

చాలా మంచి వాక్యాలు. ఒక్క మాట కూడా కటువుగా లేదు.

చున్నీ చుట్టుకుంటున్న వేలు ఆగిపోయింది. కేథరిన్ తల ఎత్తలేదు. యోహాన్ కూతురి వైపు చూడలేదు. బావ వైపు చూశాడు. అందులో కోపం లేదు. తన సందులోనే దారి తప్పి ఎవరినో అడుగుతున్నవాడి చూపు అది.

పాస్టరు గారు, "ప్రార్థన చేద్దాం" అన్నారు. ముందుగా దేవకుమారి లేచి వచ్చి కేథరిన్ నెత్తి మీద చెయ్యి పెట్టింది. తర్వాత ఇంకో చెయ్యి, ఇంకో చెయ్యి. అందరూ ఒకేసారి, ఎవరి గొంతుతో వాళ్ళు.

"ప్రభువా, ఈ బిడ్డ సదువు మానిపించిన బయాన్ని ఎల్లగొట్టు తండ్రీ! తల్లి లేని పిల్ల ప్రభువా! తండ్రికి సెప్పకుండా తిరుగుతందయ్యా, క్షమించు తండ్రీ! ఎక్కడ తిరుగుతందో, ఎవరితో తిరుగుతందో నీకే తెలుసు ప్రభువా!"

అవన్నీ ప్రేమగా పెట్టిన చేతులే. వాటి కింద ఆ పిల్ల మెడ కొంచెం కొంచెంగా వంగిపోవడం ఆనందకుమార్ కళ్ళు మూసుకోకుండా చూశాడు. కళ్ళు మూసుకోనివాడు అక్కడ తనొక్కడే.

ఆమెన్ అయ్యాక బిర్యానీ వడ్డించారు. యోహాన్ గరిటె పట్టుకుని అందరి దగ్గరికీ వెళ్ళాడు. బావ ప్లేటులో ముక్కలు ఏరి ఏరి వేసి, వంగి, అరవకుండా మాట్లాడాడు. అతను అంత మెల్లగా మాట్లాడగలడని ఆనందకుమార్‌కి తెలియదు.

"నీకు ముందే తెలుసా బావా?"

"తెలుసు."

"మరి నానడిగినప్పుడు లేదన్నావు."

"తను చెప్పొద్దంది."

"మరి ఇప్పుడు?"

ఆనందకుమార్ ప్లేటులో ముక్కలు అటూ ఇటూ జరిపాడు. యోహాన్ "తిను, సల్లారిపోతాది" అని పక్క వరసలోకి వెళ్ళాడు.

కేథరిన్ మెట్ల దగ్గర చెప్పుల మధ్య కూర్చుని ఉంది. అతను ప్లేటు వదిలేసి వెళ్ళాడు.

"కేథీ, కోపం వచ్చిందా? చూడు, మనసులో ఉన్నది ఒక గుంపు ముందు బయటపడితే మొదట ఇబ్బందిగానే..."

"మామయ్యా." ఆమె ఏడవడం లేదు. "రెండో ముక్క ఇయ్యాల పొద్దున్నే దొరికింది."

అతను పై మెట్టు మీద కూర్చోబోయాడు. ఆమె జరగలేదు.

"రేపు టీ పెట్టిచ్చి ఏటి సెప్పాలి ఇప్పుడు? సెప్పడానికి ఏటి మిగిలింది?"

"నీకు మేలు జరగాలనే..."

"తెలుసు. నాకు మేలే సేసావు. పైకెళ్ళు మామయ్యా, నీ కోసం సూత్తారు."

జరగకూడనిదేమీ జరగలేదు. అదే ఈ కథలో చిత్రం. యోహాన్ కూతుర్ని ఒక్క మాట అనలేదు. నర్సింగ్ కాలేజీకి తనే వెళ్ళి పేరు తీయించాడు. ఎండలు తగ్గేసరికి కేథరిన్ చేపల శాస్త్రం ఉన్న డిగ్రీలో చేరింది. బీరువాలో యూనిఫాం మడత పెట్టి పై అరలోకి వెళ్ళింది. పాస్టరు గారు ఒక ఆదివారం, జవాబు పొందిన ప్రార్థనల్లో దీన్ని కూడా కలిపి చెప్పారు. దేవకుమారి చర్చి గుమ్మంలో ఆనందకుమార్‌ని పట్టుకుంది.

"ఆనందం బాబూ, ఆ రోజు నీ నోట దేవుడే పలికించాడు! లేకపోతే ఆ పిల్ల మనసులో ఎట్టుకుని ఏటైపోయేదో!"

అతను తల ఊపాడు. తప్పు చేసినవాణ్ణి అందరూ తిడితే కొంత భారం దిగుతుంది. అందరూ మెచ్చుకుంటే ఎక్కడికీ పోదు. డిగ్రీ మొదటి సంవత్సరం మొదటి పాఠంలో అతను ఏటా చెప్పేది ఒకటే: ఒక మనిషి నమ్మి చెప్పినది ఆ మనిషి సొత్తు. ఈ ఏడాది ఆ పేజీ వచ్చినప్పుడు, "ఇది మీరే చదువుకోండి, సులువే" అని తిప్పేశాడు.

యోహాన్ మాత్రం ఒకసారి అన్నాడు. ఇద్దరూ రేవు ఎదురుగా టీ కొట్టు దగ్గర నిలబడి ఉన్నారు.

"నువ్వు మంచే సేసావు బావా. కాదనను. కానీ ఆ పిల్ల నాకేటో సెప్పాలనుకుంది. ఆ సంగతి నాకు తెలిసిపోయింది, సరే. అది మాత్రం నాకు సెప్పలేదు. మొన్న అడిగీసాను కూడా, ఏటమ్మా ఆ రోజు వార్డులో అయింది, నీ నోటితో ఒకసారి సెప్పూ అని. ఏటందో తెలుసా? 'మామయ్య సెప్పీసాడు కదా నాన్నా' అంది." టీ గ్లాసు పెట్టేసి, "ఆ వార్డు సంగతైనా నీకు సెప్పింది. నా దగ్గర అంత కూడా లేదు," అన్నాడు.

ఆక్సిజన్ మాస్కు గురించి ఆనందకుమార్ అప్పుడు యోహాన్‌కి చెప్పగలిగేవాడే. చెప్పలేదు. యోహాన్ ఇంకొక ముక్క అడిగి ఉంటే చెప్పేసేవాడేమో, తెలియదు.

కేథరిన్ ఆదివారాలు కనిపిస్తూనే ఉంది. వందనాలు మామయ్యా అంటుంది. భోంచేశావా అంటుంది. ప్రాక్టికల్స్ ఉన్నాయి, ఫ్రెండ్స్ ఆగి ఉన్నారు అంటుంది. చదువెలా ఉందంటే బాగుందంటుంది. దేవకుమారి అడిగినా, పాస్టరు గారు అడిగినా ఇవే మాటలు, ఇదే నవ్వు. ఆమె అతన్ని శిక్షించడం లేదు. అందరిలో ఒకణ్ణి చేసింది, అంతే.

వానాకాలం చివర్లో యోహాన్ పుట్టినరోజు వచ్చింది. కోనాం చేప తీసుకురమ్మని ఇద్దర్నీ జాలరిపేట పంపించాడు. ఎన్నాళ్ళకో ఆనందకుమార్ ఆ స్కూటీ వెనక కూర్చున్నాడు. దారిలో ఏవో అనుకున్నాడు. ఆ రోజు నేను నీ గురించి చెప్పలేదు కేథీ, నా గురించి చెప్పుకున్నాను. నీకు బాగా తెలిసినవాణ్ణి నేనేనని చెప్పుకున్నాను. మొదటి ముక్క, రెండో ముక్క, అన్నీ దొరికాయి. హెల్మెట్ పెట్టుకున్న ఆమె తల వెనక భాగం చూస్తూ కూర్చున్నాడు. బండి దిగాక, "ఎండగా ఉంది," అన్నాడు.

పడవల పక్కన గంగాలమ్మ దగ్గర చేప బేరం కుదిరింది. ఆమెకి కేథరిన్ బాగా తెలుసు. కాలేజీ పని మీద వలల్లో పడే పనికిరాని చేపల కోసం తరచు వస్తుందట.

"ఇయ్యాల డబ్బులిచ్చే సేప కొంటన్నావా తల్లీ? రోజూ పారేసినవే ఏరుకుపోతావు!" గంగాలమ్మ కత్తిపీట ముందుకి లాక్కుంది. "ఈ బాబెవరు?"

"మా మామయ్య."

"మామయ్యకి ముక్కలు సిన్నవా, పెద్దవా?"

"అతన్నేటి అడుగుతావు, ముల్లు తీసుకోడం కూడా రాదు. సిన్నవి కొట్టు."

గంగాలమ్మ పెద్దగా నవ్వింది. కేథరిన్ కూడా నవ్వింది. చాలా రోజుల తర్వాత అతన్ని ఎగతాళి చేసిన మాట అది. ఆనందకుమార్ ఐసు కోసం పక్క షెడ్డుకి వెళ్ళాడు.

తిరిగి వస్తూ దూరంగా ఆగాడు. కేథరిన్ గంగాలమ్మ పక్కన ఇసకలో గొంతుక్కూర్చుని ఏదో చెబుతోంది. చేతులు తిప్పుతోంది. మధ్యలో ఆగి, కళ్ళ దగ్గర మోచేత్తో తుడుచుకుని, మళ్ళీ చెబుతోంది. గంగాలమ్మ తల ఎత్తడం లేదు. పొలుసు గీకుతోంది. ఊ కొడుతున్నట్టు తల మాత్రం కదులుతోంది. ఏ సంగతో తెలియదు. కాలేజీలో ఏదైనా కావచ్చు. ఎవరైనా కుర్రాడు కావచ్చు. వాళ్ళమ్మ కావచ్చు.

అతను ఇంకో నాలుగడుగులు వేస్తే ఆ మాట ఆగిపోతుంది. మామయ్య వచ్చాడు, వెళ్దాం అని ఆమె లేచి నవ్వుతుంది. ఆ నవ్వు ఎలా ఉంటుందో అతనికి ఇప్పుడు బాగా తెలుసు.

ఐసు కరిగి సంచి గుడ్డలోంచి కారి పాదం మీద పడుతోంది. చేప కోయడం అయిపోయినా గంగాలమ్మ ముక్కలు సంచిలో వేయడం లేదు. ఆనందకుమార్ వెనక్కి తిరిగి, ఒడ్డుకి లాగి ఉన్న ఒక పడవ అవతలికి వెళ్ళి, వాళ్ళకి కనపడకుండా నిలబడ్డాడు. వినాలని చెవులు వాటంతటవే అటు తిరుగుతున్నాయి. అందుకని ఇంకొంచెం దూరం జరిగాడు.